మూడు చేపల తొట్టి

చేపల తొట్టి ఇంటికి వచ్చిన రోజు సింహాద్రి దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని, ఎక్కడ దించాలో తోచక ఇల్లంతా కలియతిరిగాడు. మరదలు నీలవేణి వెనకాలే నడుస్తూ ప్రతి చోటికీ ఒక వంక పెడుతోంది.

“కిటికీ దగ్గర వద్దు బావా, ఎండ పడుతుంది. టీవీ పక్కన అసలే వద్దు. ఫ్రిజ్‌కి కూడా దూరంగా ఉండాలి. కరెంటు సామాను దగ్గరుంటే ఈ చేపలు బెదురుతాయి.”

“కరెంటు లేని చోటు ఈ ఇంట్లో ఎక్కడున్నాదమ్మా? తొందరగా చెప్పు, చేతులు లాగేస్తున్నాయి.”

చివరికి వంటింటి గుమ్మం పక్కన, ఒకప్పుడు కుట్టుమిషను ఉండే మూలలో బల్ల వేసి దించారు. మూడు జానల పొడవు, జానెడున్నర వెడల్పు ఉన్న గాజు తొట్టి. అడుగున సన్నని ఇసుక, కాసిని నాచుమొక్కలు, చేపలు దాక్కోవడానికి ఒక మట్టిగొట్టం. నీలవేణి అక్క గౌరీశ్వరి పీట లాక్కుని దాని ఎదుట కూర్చుంది. కళ్లజోడు సర్దుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది.

“ఇంతేనా? నా జన్మంతా ఇందులో పడుతుందేటే నీలా?”

నీలవేణి నీళ్ల గొట్టం సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

గౌరీశ్వరికి మరుపు జబ్బు మొదలై అప్పటికి కొంతకాలమైంది. ముందు తాళాలు మరిచిపోయింది. తరవాత వీధి పేర్లు, ఆ తరవాత పొయ్యి మీద పాలు. ఒకరోజు కొళాయి దగ్గర బిందె పెట్టి, తను ఎవరింట్లో ఉందో తెలియక అక్కడే నిలబడిపోయింది. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండమీద, పరిశోధనశాలలో నీలవేణి చేస్తున్న పని ఆ జబ్బు గురించే. ఎవరెవరి అమ్మల కోసమో, నాన్నల కోసమో చేస్తున్నాననుకున్న పని తిరిగి తిరిగి తన అక్క దగ్గరికే వచ్చింది.

ఆ చేపలు కత్తి రేకుల్లా పల్చగా, నల్లగా ఉంటాయి. దూరదేశపు నదుల్లో, బురదనీళ్లలో బతికే జాతి. చూపు అంతంతమాత్రం. ఒంట్లోంచి సన్నని విద్యుత్తు అలలు వదిలి, వాటితోనే దారి తెలుసుకుంటాయి. మనిషి ఒక జ్ఞాపకాన్ని తలుచుకుంటున్నప్పుడు మెదడులో లేచే అలల్ని చేపపిల్లకి వినిపిస్తూ పెంచితే, అది పెద్దదయ్యాక అదే లయని పట్టుకుంటుందని నీలవేణి కనిపెట్టింది. ఆ మనిషి పొద్దున్నే తొట్టిలో చెయ్యి పెడితే చాలు, చేప వచ్చి వేళ్లకి ఒరుసుకుంటుంది. పోయిందనుకున్న జ్ఞాపకం లేచి వస్తుంది. ఆ రోజంతా నిలుస్తుంది. వేరేవాళ్లు చెయ్యి పెడితే కాస్త చిమచిమ తప్ప మరేమీ ఉండదు.

చిక్కల్లా ఎన్ని చేపలన్నదే. ఒకదాని అలలకి ఇంకొకటి అడ్డమొస్తే ఈ జాతి చేపలు సర్దుకుంటాయి. ఎదుటిదాని కోసం తమ లయ కొంచెం మార్చుకుంటాయి. లయ మారితే జ్ఞాపకం మారినట్టే. పోనీ పెద్ద తొట్టి పెడదామా అంటే, అల నీళ్లలో జానెడు దూరం దాటదు, చేప చేతికి అందదు. రెండు తొట్లు పెట్టి కూడా చూశారు, మొదట ఈ ప్రయోగానికి ఒప్పుకున్న ఓడరేవు పైలట్ ఒకాయన ఇంట్లో. ఒక గదిలోని తొట్టి దగ్గర ఆయన పడుచువాడు, ఇంకో గదిలోని తొట్టి దగ్గర ముసలివాడు. ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లేటప్పుడు గడప మీదే మూర్ఛ వచ్చి పడిపోయేవాడు. అందుకని ఒక మనిషికి ఒకే తొట్టి. ఆ తొట్టికి మూడే చేపలు.

ఇదంతా నీలవేణి అక్కకి ఆమె భాషలోనే చెప్పింది. గౌరీశ్వరి విజయనగరం టెలిఫోను ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి.

“ఎక్కువ చేపలుంటే క్రాస్ టాక్ వస్తుందక్కా. ఒక లైన్లో మాట ఇంకో లైన్లో వినబడుతుంది.”

“అలా చెప్పు. అర్థమైంది,” అంది గౌరీశ్వరి.

పరిశోధనశాలలో ఆమె జ్ఞాపకాలు నేర్చిన చేపలు అలమర నిండా, ఒక్కో గిన్నెలో ఒక్కోటి ఉన్నాయి. వాటిలోంచి మూడు ఎంచుకోవాలి. ఆ మధ్యాహ్నం ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. సింహాద్రి బీరకాయల చెక్కు తీస్తున్నాడు.

“అమ్మ ఉండాలి,” అంది గౌరీశ్వరి మొదటే. బొబ్బిలి రైల్వే క్వార్టర్సులో, వాన వెలిసిన సాయంత్రం, తలంటుకున్న చిన్నారి గౌరి జుట్టుకి అమ్మ సాంబ్రాణి పొగ పడుతున్న జ్ఞాపకం అది. “రెండోది ఎక్స్‌చేంజి. నేను సొంతంగా నిలబడ్డ చోటు అది.”

సింహాద్రి చెక్కుతీత నెమ్మదించింది. తల ఎత్తలేదు.

“ఈయన్ని చూడు, పిలుపు కోసం కాసుకున్నాడు,” అని గౌరీశ్వరి నవ్వింది. “ఈయన్ని పెట్టకపోతే రేపు పొద్దున్న ఇంట్లో మగమనిషెవరని వీధిలోకెళ్లి కేకలేస్తాను. భీమిలి వెళ్లినప్పుడు సైకిలు గొలుసూడిపోనాది చూడు, చేతులకి నల్లగా గ్రీజు పూసుకుని నా కొత్త చీర ముట్టుకోడానికి భయపడ్డాడు. అది పెట్టు.”

“అదేనా గుర్తు పెట్టుకోడానికి?” అన్నాడు సింహాద్రి. కానీ మొహం వెలిగిపోయింది.

అప్పుడు గౌరీశ్వరి చెల్లెలి వైపు తిరిగింది. “మరి నువ్వో?”

నీలవేణి చేప కూడా అలమరలో ఉంది. అమ్మ నీలవేణి కాన్పులోనే పోయింది. నాన్న గూడ్సుబండి గార్డు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. పన్నెండేళ్ల గౌరి ఉయ్యాల పక్కన కూర్చుని, ఉగ్గుగిన్నెతో పసిదానికి ఆవుపాలు పట్టిన జ్ఞాపకం అది. ఆ తరవాత చెల్లెలికి జడలు వేసింది, బడికి పంపింది, చదువు చెప్పించింది. చెల్లెలు స్థిరపడేదాకా పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. తీరా చేసుకునేసరికి పిల్లలు పుట్టే వయసు దాటిపోయింది.

“నేను రోజూ కళ్లెదుట తిరుగుతూనే ఉంటాను కదక్కా. నాకెందుకు చేప?” అంది నీలవేణి. అది శాస్త్రవేత్తగా తీసుకున్న నిర్ణయమనే అనుకుంది.

*

మొదట్లో రోజులు పండగలా గడిచాయి. నీలవేణి గోపాలపట్నంలోని ఆ ఇంటికి పొద్దున్నే వచ్చి, అక్క తొట్టిలో చెయ్యి పెట్టేటప్పుడు పక్కనే ఉండి, తరవాత కొండమీదికి వెళ్లేది. ఎక్స్‌చేంజి చేప వేళ్ల మధ్య దూరిన రోజున గౌరీశ్వరి వీపు నిటారుగా అయ్యేది. గొంతు మారేది.

“సాలూరు లైను వానొస్తే గరగరమనేదే. పార్వతీపురం ఆపరేటరు ఒకావిడుండేది, మొహమెప్పుడూ చూడలేదు గాని దగ్గు విని ఆవిడకి జ్వరమొచ్చిందని చెప్పీసేదాన్ని. చెవులకి ఆ ఇనప కమ్మీ ఒత్తుకుని, దీపం వెలిగిన చోటల్లా తీగ గుచ్చడం. ఎన్ని కబుర్లు మోసేనో! మగపిల్లాడు పుట్టేడని ఒకరు, నాన్న పోయాడని ఇంకొకరు. ఏడుస్తున్నవాళ్లకి ఫోనుకిచ్చిన మూడు నిమిషాలూ అయిపోయాయని చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. లైను అలా వదిలీసేదాన్ని.”

నీలవేణికి కూడా ఆ ఎక్స్‌చేంజి గుర్తే. బడి వదిలాక అక్కడికే వెళ్లేది. వరసగా కూర్చున్న ఆడవాళ్ల వీపులు, బల్ల కింద టిఫిను డబ్బాలు, ఎత్తు కిటికీలోంచి పడే పల్చటి ఎండ. అక్క చేతి సంచిలో ఎప్పుడూ ఒక బెల్లం అచ్చు ఉండేది. ఆ సంగతి అడిగితే గౌరీశ్వరి ఆలోచించింది.

“బెల్లమా? ఎవరికి?”

నీలవేణి మాట మార్చేసింది. కొన్నాళ్లకి గౌరీశ్వరి ఆమెని ‘నీలా’ అనడం మానేసి ‘అమ్మాయ్’ అనసాగింది. తరవాత ‘డాక్టరమ్మ’ అయింది. ఒక పొద్దున నీలవేణి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి వచ్చి, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఎవరు కావాలండీ?”

సింహాద్రి వంటింట్లోంచి పరుగున వచ్చాడు. ఆ రోజు నీలవేణి వెళ్లిపోతుంటే గేటు దాకా వచ్చి, గేటు పట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, నాకు చదువు లేదు. కానీ ఒకటడుగుతాను. బిడ్డలు లేరని ఆవిడ ఏ రోజూ ఏడవలేదు. ఎందుకంటే నువ్వున్నావు. ఆ బిడ్డనే మరిచిపోతే మిగిలినవి గుర్తుండి ఏటి లాభం? ఆ నాలుగో చేప తెచ్చీ.”

“మూడు దాటకూడదు బావా.”

“నువ్వు కనిపెట్టిందే కదా. నీ మాట వినదా?”

ఆమె సహోద్యోగి మస్తాన్ వలీ ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. చేపల అలల్ని స్పీకరులో శబ్దంగా మార్చి వినడం అతని పని. ఒక్కో చేపది ఒక్కో శ్రుతి. అమ్మ చేపా, ఉయ్యాల చేపా పక్కపక్క శ్రుతులు. రెండూ గౌరీశ్వరి బాల్యంలో ఒకే కాలానివి మరి.

“ఈ రెండూ ఒక నీళ్లలో పడితే ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పోతాయి మేడం. మీకు నేను చెప్పాలా?”

“తెలుసు వలీ,” అంది నీలవేణి. ఆ సాయంత్రం ఉయ్యాల చేపని మూతడబ్బాలో పెట్టుకుని, ఒళ్లో దాచుకున్నట్టు ఆటోలో తీసుకెళ్లింది.

మర్నాడు గౌరీశ్వరి గుమ్మంలోకి ఎదురొచ్చింది. “నీలా! ఏటే ఇలా చిక్కిపోనావు? తిన్నావా?” అని గడ్డం పట్టుకుంది. నీలవేణి అక్క భుజం మీద తల ఆనించి, చాలాసేపు ఎత్తలేదు.

*

ఆ వారంలోనే ఒకరోజు గౌరీశ్వరి తొట్టిలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, తనలో తను నవ్వుకుంది.

“అమ్మ నీకు పొగ వేస్తోందే.”

“నీకు కదక్కా, పొగ.”

“నాకెందుకు? నీకే. ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, బుట్ట బోర్లించి, దాని మీద నీ తల ఆన్చి. నీకు గుప్పెడు జుట్టు కూడా లేదు. అమ్మ నీ మెడ వాసన చూసి, దీనికి నా ముక్కొచ్చిందే గౌరీ అంటోంది. నీ ముక్కు అమ్మదే, తెలుసా?”

నీలవేణి వేళ్లు తన ముక్కు మీదికి వెళ్లాయి. అమ్మ తనని చూడలేదు. తను ఏడ్చిన మొదటి ఏడుపు కూడా అమ్మ వినలేదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడం వల్లే చిన్నప్పుడే ఆమెకి అంతా తెలిసిపోయింది. తను వచ్చింది కాబట్టి అమ్మ వెళ్లిపోయిందని లెక్క వేసుకుని పెరిగింది. ఇప్పుడు అక్క వేళ్ల దగ్గర రెండు నల్లని చేపలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, ఎప్పుడూ జరగని సాయంత్రాన్ని జరిపిస్తున్నాయి. ఇది అబద్ధమని ఆమెకి తెలుసు. ఎందుకు పుట్టిందో, ఏ శ్రుతి ఎటు జరిగితే పుట్టిందో కూడా తెలుసు. అయినా అడిగింది.

“ఇంకా ఏం చేస్తోందక్కా?”

గౌరీశ్వరి చెప్పింది. ఆ రోజే కాదు, ఆ తరవాత రోజుల్లో కూడా. అమ్మ ఉయ్యాల ఊపింది. అమ్మ ఉగ్గు పెట్టింది. నీలవేణి వింటూ కూర్చునేది. కొండమీదికి వెళ్లేటప్పుడు బస్సు కిటికీ అద్దంలో తన ముక్కు చూసుకునేది. వలీ ఎదురుపడితే ఇంకో గదిలోకి తప్పుకునేది. ఒక్క చేప తీస్తే అన్నీ సర్దుకుంటాయి. రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంది.

ఈలోగా సింహాద్రి భార్యలో ఇంకో మార్పు కనిపెట్టాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఎవరి కోసమో చూస్తోంది. రెండు కంచాలు ఎక్కువ వేస్తోంది. అతన్ని ‘నాన్నా’ అని పిలిచి, డ్యూటీ ఎన్ని గంటలకని అడిగింది. గ్రీజు చేతుల జ్ఞాపకం కూడా జారిపోతున్నట్టు అతనికి అర్థమైంది. మరదలికి చెబితే నాలుగో చేప పోతుందని నోరు మూసుకున్నాడు. ఆ ఇంట్లో ఇద్దరూ తెలిసి తెలిసి ఊరుకున్నారు.

ఒక మధ్యాహ్నం అతను కునుకు తీసి లేచేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గౌరీశ్వరి లేదు. వీధులన్నీ వెతికి, నీలవేణికి ఫోను చేసి, చివరికి ఇద్దరూ రైల్వే స్టేషనుకి పరుగెత్తారు. ఆమె ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉంది. కాళ్లకి చెప్పులు లేవు. చేతిలో ఉన్న గ్లాసులో పాలు సగం ఒలికి చీర మీద చారలు కట్టాయి. కనబడిన ప్రతివాళ్లనీ బొబ్బిలి పాసింజరు ఎప్పుడని అడుగుతోంది.

“అమ్మ ఇప్పుడే ఇక్కడుంది,” అంది నీలవేణిని చూడగానే. “పసిదాన్ని నాకిచ్చి లోపలికెళ్లింది. పాప ఏడుస్తోంది. అమ్మ రాదేటండీ? ఇంతసేపయింది, రాదేటి?”

నీలవేణి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఒకసారి పోగొట్టుకుని, ఎలాగో ఓర్చుకున్న తల్లిని అక్క మళ్లీ రోజూ పోగొట్టుకుంటోంది. అలా పోగొట్టుకున్న ప్రతి రోజూ తను పక్కనే కూర్చుని కథ వింది.

*

మర్నాడు పొద్దున వలీ కూడా వచ్చాడు. స్పీకరు పెట్టి విన్నారు. నాలుగు శ్రుతుల్లో రెండు ఇంచుమించు ఒకటైపోయాయి. మూడోది వాటివైపు ఒరుగుతోంది. ఒకదాన్ని తక్షణం తీస్తే మిగిలినవి వాటి చోటికి అవి వెళతాయని, ఆలస్యమైతే ఏమీ చెప్పలేమని వలీ అన్నాడు.

“అమ్మ చేప తీసెయ్యి,” అన్నాడు సింహాద్రి. “పోయినామె పోనాది. బతికున్న చెల్లెలు ఉండాలి.”

తొట్టిలో చెయ్యి పెట్టి కూర్చున్న గౌరీశ్వరి అతని వైపు చూసింది. చేపలు వేళ్లని ముట్టుకున్న మొదటి కొన్ని నిమిషాలు ఆమె మనసు ఎప్పుడూ తేటగా ఉంటుంది.

“నన్నడగరేటి? తొట్టి నాది కాదూ?”

ఆమె చెల్లెలి వైపు తిరిగింది.

“నీలా, నిన్న నేను స్టేషనుకెళ్లానటకదా. ఈయన చెప్పేడు. అమ్మ నిన్నెత్తుకోలేదే. నాకు తెలుసు. ఎత్తుకున్నట్టే ఉంటాది, చేతుల్లో బరువు కూడా తెలుస్తాది, కానీ కాదు. లైన్లు కలిసిపోనాయి.”

“నేను తియ్యాల్సిందక్కా. నేనే ఆగాను.”

“నీకు వినాలనిపించింది. వినవా మరి? పుట్టి ఎరగవు కదా.” గౌరీశ్వరి తడిచేత్తోనే చెల్లెలి చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడు నా మాట విను. అమ్మ ఎలా నవ్వేదో, చెయ్యి తల మీద పెడితే ఎంత వేడిగా ఉండేదో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కర్తినే. నేను మరిచిపోతే అమ్మ ఉండేదని తెలిసిన ప్రాణి ఉండదు. నీ సంగతి వేరు. నువ్వు రేపొద్దున్న మళ్లీ వొస్తావు. నేను ఎవరని అడిగితే చెప్తావు. ఎల్లుండీ అడుగుతాను. చెప్తావు కదా?”

“ఎన్నిసార్లైనా చెప్తాను.”

“అమ్మకి అలా వచ్చి చెప్పే దారి లేదే. అందుకని నీదే తియ్యి. మూడు చాలు.”

సింహాద్రి కండువాతో మొహం కప్పుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. నీలవేణి చిన్న వల తీసుకుంది. నల్లని చేప మట్టిగొట్టంలోకి దూరి, ఇటునుంచి అటు వచ్చి, చివరికి తనంతట తనే వలలోకి జారింది. గౌరీశ్వరి దాన్నే చూస్తూ ఉంది. మూతడబ్బా మూసేదాకా చెల్లెలి పేరు పెదవుల మీద ఆడిస్తూనే ఉంది. కొండమీద ఒంటరి గిన్నెలో ఆ చేప తన పాత లయకి తిరిగి వచ్చింది. కానీ తనకి తెలిసిన చెయ్యి అందక, కొన్నాళ్లకి స్పీకరులో దాని శ్రుతి సన్నబడి, ఏ జ్ఞాపకమూ లేని మామూలు చేప రొదలోకి కలిసిపోయింది. నీలవేణి ఆ చివరిదాకా పక్కనే కూర్చుని వింది.

*

ఆ తరవాత గౌరీశ్వరి స్టేషనుకి వెళ్లలేదు. భర్తని పేరు పెట్టి పిలిచి చేతులు కడుక్కోమని కసిరింది. సాలూరు లైను మళ్లీ గరగరమంది. నీలవేణి మాత్రం రోజూ గుమ్మంలో ఆగి, “నేను నీలవేణిని. మీ చెల్లెల్ని,” అని చెప్పేది. గౌరీశ్వరి ఒక్కోరోజు నమ్మేది. ఎక్కువ రోజులు నవ్వి, “రండి, కూర్చోండి,” అనేది.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక పొద్దున ఆమె తొట్టిలోంచి చెయ్యి తీసి తుడుచుకుంటూ, ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మతో కబుర్లు మొదలుపెట్టింది. చెల్లెలితో ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట్లాడని సంగతులు, పరాయి మనిషితో హాయిగా మాట్లాడింది.

“మా అమ్మకి నిండు నెలలండీ. వొంగలేక ఆయాసపడుతూనే నాకు పొగ వేస్తోంది. వొద్దమ్మా అంటే వినదు. మధ్యలో ఆపి నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. తంతోంది చూడవే, నీ మాట వినబడిందే దానికి, అంది. ఆడపిల్లే పుడుతుందట. నాన్నతో పందెం కట్టింది. పేరు కూడా అనుకుంది.”

తొట్టిలో మూడు చేపలూ దేని చోట అది తిరుగుతున్నాయి, ఏ లైనూ కలవలేదు. నీలవేణికి తన పేరు అక్క పెట్టిందని మాత్రమే తెలుసు. నాన్న అలాగే చెప్పేవాడు.

“ఏం పేరండీ?” అంది.

“నీలవేణి. నా జుట్టు చూసి అనుకుందట. ఇది నీకంటే ఒత్తుగా పెంచుకుంటుంది చూడు, ఇద్దర్నీ వరసగా కూర్చోబెట్టి పొగ వేస్తాను అని నవ్వుతోంది. మీరు చూడాలండీ ఆ నవ్వు. కడుపులో ఉన్నదాని కోసం ఎంత తహతహలాడిపోయేదో మా అమ్మ!”

బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. నీలవేణి పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“చెప్పండి,” అంది. “నాకు తొందరేం లేదు.”